పాత కారు బాగు చేయించే ముందు ఏం ముట్టుకోవద్దో రాసుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఇళ్లల్లో మూలన పడ్డ అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్లు బయటికి తీసి బాగు చేయించే కుర్రాళ్లు కనిపిస్తుంటే చాలా సంతోషంగా ఉంటుంది. అవే బండ్లు తర్వాత షెడ్లల్లో పడి ఉన్న తీరు చూస్తే కడుపు మండుతుంది. బాడీ ఒక దిక్కు, డోర్లు గోడకు ఆనించి ఒక దిక్కు, బోల్టులన్నీ కలిపి సిమెంటు బస్తాలో. అడిగితే ఒకటే మాట, "ఫుల్ ఒరిజినల్ చేద్దామనుకున్నా అన్నా, డబ్బులు అయిపోయినయి." నాలుగు రోజుల కింద సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిన బండి అది!

ఇంకోవైపు ఇంకో బ్యాచ్. అల్లాయ్ వీల్స్, టచ్ స్క్రీన్, ఎవరిదో డీజిల్ ఇంజిన్, ఎర్ర రెగ్జిన్. పాత సామానంతా కిలోల లెక్కన పాత ఇనుప కొట్టుకు.

ఈ రెండు దారులూ తప్పే అంటాను. ఒరిజినాలిటీ కావాలా, ఖర్చు తగ్గాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. రేపు మళ్లీ వెనక్కి మార్చుకోగలిగింది ఏదైనా మీ జేబు చూసుకుని మార్చుకోండి. ఒకసారి కోస్తే అతకనిది, పారేస్తే దొరకనిది ముట్టుకోకండి. ఉన్న డబ్బులో మొదటి రూపాయి దానిమీదే పెట్టండి.

అన్నిటికన్నా ముందు రేకు. మన ప్రాంతం పొడి ప్రాంతం. సముద్రం గాలి తగిలే ఊళ్ల బండ్లతో పోలిస్తే ఇక్కడి బండ్ల బాడీకి తుప్పు తక్కువ. ఎండకు డ్యాష్‌బోర్డు వెలిసిపోతుంది, రబ్బర్లు పగులుతాయి గానీ రేకు నిలబడుతుంది. అది మనకున్న అదృష్టం. అలాంటి రేకును కోసి, పైన మందంగా పుట్టీ పూసి, అద్దంలా మెరిపించి ఇస్తున్నారు. నాకు తెలిసిన ఒక ఉస్తాద్ (మెకానిక్) జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని తిరుగుతాడు. కొనడానికి తెచ్చిన ఏ బండికైనా ముందు మడ్‌గార్డు మీద, డోర్ల అడుగున ఆనిస్తాడు. అంటుకుంటే రేకు ఉన్నట్టు. జారిపోతే కింద పుట్టీ ఉన్నట్టు. మెరిసే రంగు చూసి లక్షలు పోసేవాళ్లు ఈ పరీక్ష ఒక్కటి చేసుకున్నా చాలు.

మా నాయన అంబాసిడర్ 1978 మోడల్, మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. "కింద గేరు పెట్టుకో తమ్ముడూ, నడపడం ఈజీ" అని సలహా ఇచ్చినవాళ్లు ఎందరో. దానికి ఫ్లోర్ కోయాలి. ఒద్దన్నాను. అదే బండికి స్పార్క్‌ను నడిపే పాత పాయింట్ల సెట్టు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాత్రం పెట్టించాను. పాతది గుడ్డలో చుట్టి, చీటీ కట్టి డబ్బాలో దాచాను. మనసైతే ఒక పూటలో మళ్లీ బిగించుకోవచ్చు.

ఒరిజినల్ పేరు చెప్పి కొందరు మార్చనివ్వనివి కొన్ని ఉన్నాయి. వాటిని మార్చక తప్పదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1970ల నాటి రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బుతాయి, చీలుతాయి, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. అది బండి తగలబడే వ్యవహారం. ఇథనాల్‌కు తట్టుకునే పైపు ఖరీదు తక్కువే, బానెట్ ఎత్తితే తప్ప ఎవరికీ కనిపించదు కూడా. ఇంకొకటి, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ సీసమే పాత ఇంజిన్ల వాల్వ్ సీట్లను (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే చోట్లను) అరగకుండా కాపాడేది. అందుకే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, ఎలాగూ విప్పినప్పుడు లేత్ షాపులో గట్టి సీట్లు వేయించుకోండి. రేడియేటర్ సంగతి మన జిల్లావాళ్లకు చెప్పాలా? బోరు నీళ్లు పోస్తే గొట్టాల్లో సున్నం పేరుకుని బండి వేడెక్కుతుంది. కూలెంట్ పోయండి.

బ్రేకులు, సీటు బెల్టుల దగ్గర నేను ఎవరి మాటా వినను. జపాన్ ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన తర్వాతి అంబాసిడర్లలో కొన్నింటికి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కంపెనీయే ఇచ్చింది. అంటే ఈ కారుకు డిస్కులు పరాయివి కావు. హైవే మీద లారీల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడిపే బండికి, తీసిన పాత డ్రమ్ము బ్రేకులు దాచుకుని, డిస్కులు వేసుకుంటే ఏం పోయింది?

ఇక క్రోమ్, సీట్లు, రంగు. వీటిని చివరికి వాయిదా వేయండి. బంపర్ కాస్త మాసి ఉన్నా బండి నడుస్తుంది. రంగు వేయించే రోజు వస్తే మాత్రం ముందు డోరు లోపలి ప్యానెల్ తీసి చూడండి, ఎండ తగలని చోట అసలు రంగు అలాగే ఉంటుంది. దాన్నే షేడ్ కలిపించుకోండి. వేరే రంగు వేయిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి, అదొక తిరుగుడు.

ఇంజిన్ మార్చేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం చట్టం ఒప్పుకోదు. పైగా 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అని వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉంటేనే అది దక్కేది. ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి వీల్లేదు, కాబట్టి అందరికీ పనికొచ్చేదని అనను. కానీ 1976, 77 మోడల్ బండి చేతిలో పెట్టుకుని ఇవాళ చవకని డీజిల్ ఇంజిన్ దించితే, ఆ దారి మీ చేతులతో మీరే మూసుకున్నట్టు.

ఒరిజినల్ అనే మాట దగ్గర నాకు ఇంకో బాధ కూడా ఉంది. మన పెద్దలు ఈ బండ్లను పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, మార్కెట్ యార్డుకు తిప్పారు. మధ్యలో ఏది పాడైతే దొరికింది బిగించారు. మా బండికి కరెంటు పుట్టించే పాత డైనమో పోయి, దాని చోట కొత్త రకం ఆల్టర్నేటర్ వచ్చింది నాయన చేతిలోనే. ఎవరో వచ్చి "ఇది కరెక్ట్ కాదు" అని మొహం చిట్లిస్తే నాకు కోపం వస్తుంది. అది కూడా ఆ బండి చరిత్రే. దాన్ని పీకి, ఎక్కడో చెన్నై పుదుపేట పాత సామాను బజారులో వెతికి, పది రెట్లు పెట్టి డైనమో తెచ్చి బిగిస్తే ఎవరికి లాభం? 20 ఏళ్లు దాటిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ ఫీజే 2025లో 10,000 రూపాయలు చేశారు. మామూలు ఉద్యోగం చేసుకునేవాడికి ప్రతి రూపాయీ లెక్కే. ఆ రూపాయి బ్రేకుకు, రేకుకు పోవాలి.

షెడ్డుల్లో పనిచేసే ఉస్తాదులకు ఒక విన్నపం. బండి విప్పేటప్పుడు ఫోన్‌తో ఫోటోలు తీయండి, ఏ బోల్టు ఎక్కడిదో కవర్ మీద రాయండి, తీసిన పాత సామాను ఓనర్‌కే ఇవ్వండి. దేవరకొండ, హాలియా, నాగర్‌కర్నూల్ వైపు ఇంటి వెనక అంబాసిడర్ గ్రిల్లు, మీటర్లు, అద్దాలు పడి ఉన్నవాళ్లు పాత ఇనుముకు వేసే ముందు ఇక్కడ కామెంట్‌లో ఫోటో పెట్టండి. తగిన ధర ఇచ్చి, మేమే వచ్చి తీసుకుపోతాం.