రెట్ట కడిగిన శాస్త్రం

విశ్వం ఎలా పుట్టిందో తేల్చడం పది నిమిషాల పని. చేతిలో టీ, జేబులో ఫోను, ఎదురు చెప్పని బావమరిది ఉంటే చాలు. శాస్త్రవేత్తలే దాన్ని అనవసరంగా సాగదీస్తున్నారు. ఈ పిరికితనం ఎక్కడ మొదలైందో విచారించాల్సిందే.

1964, అమెరికాలోని హోమ్‌డెల్. టెలిఫోను కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ వాళ్ల ఆరు మీటర్ల కొమ్ము యాంటెన్నాతో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్ని కొలవబోతే 7.35 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఒక రొద పట్టుకుంది. న్యూయార్క్ వైపు తిప్పినా అంతే, నడినెత్తికి తిప్పినా అంతే. పగలూ రాత్రీ తేడా లేదు, కాలం మారినా తగ్గలేదు. మనవాడైతే ఈపాటికి ప్రెస్‌మీట్ పెట్టేసేవాడు. వీళ్లు తమ యంత్రాన్నే అనుమానించారు! ద్రవ హీలియంతో చల్లార్చిన, ఎంత వేడో ముందే తెలిసిన మూలంతో పోల్చి చూశారు. రేకుల అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. ఆఖరికి పావురాల మీద పడ్డారు. కొమ్ము గొంతులో ఒక జంట కాపురం పెట్టి లోపలంతా తెల్లగా పూసేసింది. వెచ్చగా ఉన్న ఏ పదార్థమైనా కాస్తో కూస్తో రేడియో తరంగాలు వదులుతుంది, రెట్టకేం మినహాయింపు లేదు. పట్టి దూరం పంపితే ఆ పక్షులు దారి వెతుక్కుని తిరిగొచ్చాయి. రెట్ట గోకి కడిగారు. రొద రవ్వంత తగ్గిందే గానీ పోలేదు. రొదను ఉష్ణోగ్రతగా లెక్కగడితే, మిగిలింది సుమారు 3.5 కెల్విన్లు.

అది విశ్వం తొలినాళ్ల వేడి, చల్లారగా మిగిలింది (ఇప్పటి లెక్కలో 2.725). 1978లో నోబెల్ కూడా వచ్చింది. కానీ 1965లో అచ్చేసిన చిన్న వ్యాసానికి వాళ్లు పెట్టిన పేరు చూడండి: 4080 మెగాసైకిళ్ల వద్ద యాంటెన్నా అదనపు ఉష్ణోగ్రత కొలత. కరెంటు మీటరు రీడింగు నయం! ఎందుకొచ్చిందో కావాలంటే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పక్క వ్యాసం చూసుకోమన్నారు. ఎర్ర బాణం లేదు, నోరెళ్లబెట్టిన ముఖం లేదు, 'సృష్టి రహస్యం బట్టబయలు' అన్న మాట లేదు.

ధైర్యం చేసినవాళ్లూ ఉన్నారు. 2014 మార్చి 17న బైసెప్2 అనే టెలిస్కోపు బృందం, దక్షిణ ధ్రువం నుంచి చూసి, విశ్వం తొలి క్షణంలో లేచిన గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటించింది. వాళ్లు చూసింది 150 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం ఒక్కచోటే. పాలపుంతలోని దుమ్మూ అలాంటి జాడే వేస్తుంది; అది పౌనఃపున్యం పెరిగేకొద్దీ మరింత మెరుస్తుంది కనుక, దాన్ని విడదీయాలంటే ఇంకోచోట కూడా చూడాలి. ప్లాంక్ ఉపగ్రహం 353 గిగాహెర్ట్జ్ దగ్గర చూసిన లెక్క కలిపాక, అందులో చాలా భాగం దుమ్మేనని, మిగిలినదాంతో ఏమీ రుజువు కాదని 2015లో తేలింది. ఆ మాట రాసినవాళ్లలో బైసెప్2 వాళ్లూ ఉన్నారు. ఎంత తలవంపులు! వాట్సాప్ గ్రూపులో ఇలా ఎవరైనా వెనక్కి తగ్గగా చూశామా?

పోనీ మన పెద్దలైనా పరువు నిలిపారా? ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం. సృష్టి ఎక్కణ్నుంచి వచ్చిందో, పరమాకాశంలో దాన్ని కనిపెట్టుకుని ఉన్న అధ్యక్షుడికే తెలియాలి అంటూ గంభీరంగా సాగించి, చివర్లో 'యది వా న వేద' అనేశాడు ఋషి. ఆయనకీ తెలియదేమోనట. అన్నీ మనవాళ్లు ముందే చెప్పేశారని మనం పొద్దున్నే ఫార్వర్డు చేస్తుంటే, సాక్షాత్తూ వేదమే చేతులెత్తేస్తే ఎలా?

సంకల్పం చెప్పే పురోహితుడికి మాత్రం ఈ గొడవ లేదు. 432 కోట్ల ఏళ్ల కల్పం తీసుకుని, అందులో శ్వేతవరాహం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం అంటూ దిగి, శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నామో దాకా తడుముకోకుండా వస్తాడు. అక్కడ ఆగి గోత్రం అడుగుతాడు. పీటల మీద పెళ్లికొడుకు నాన్న వైపు చూస్తాడు.