శ్వేతపత్రం లేని ఖజానా

మనిషి ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుందనీ, అందులో నూటికి 99 పాళ్లు ఎముకల్లోనూ పళ్లలోనూ నిల్వ ఉంటుందనీ, గుండె కొట్టుకోవడం మొదలు గాయం మీద రక్తం గడ్డకట్టడం వరకు నిత్య వ్యవహారాలన్నీ మిగిలిన ఆ ఒక్క పాలుతోనే నడుస్తాయనీ శరీరశాస్త్రం చెబుతోంది. ఇంత పెద్ద ఖజానాను నలుగురు అధికారుల చేతికి అప్పగించి, వారిపై తనిఖీ అన్నది లేకుండా వదిలేయడం పట్ల ఈ వ్యాసకర్త తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నాడు.

ఆ నలుగురూ పారాథైరాయిడ్ గ్రంథులు. మెడలో థైరాయిడ్ వెనుక ఎంత గుట్టుగా ఉంటాయంటే, 19వ శతాబ్ది మధ్యలో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని రిచర్డ్ ఓవెన్ కోసి చూసేదాకా వైద్యశాస్త్రానికి వాటి జాడే తెలియలేదు. మనిషి మెడలోనూ అవి ఉన్నాయని స్వీడన్‌కు చెందిన ఐవార్ సాండ్‌స్ట్రామ్ 1880లో ప్రకటించాడు. అంటే ఈ కుంభకోణాన్ని తొలుత బయటపెట్టిన ఘనత మన దేశపు ఖడ్గమృగానిదే. దానికి దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

ఇక అభియోగానికి వస్తే, డెసిలీటరు రక్తంలో కాల్షియం సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అది కాస్త తగ్గగానే ఈ గ్రంథులు క్షణాల్లో హార్మోన్ విడుదల చేస్తాయి. మూత్రంలోకి కాల్షియాన్ని పోనివ్వవద్దని మూత్రపిండాలకు ఒక ఉత్తర్వు వెళుతుంది; విటమిన్ డిని క్రియాశీలం చేసి, తిన్నదాంట్లోంచి పేగులు మరింత పీల్చుకునేలా చూడమని అక్కడికే మరొకటి వెళుతుంది. వీటిలో తప్పుపట్టడానికేమీ లేదు. మూడో ఉత్తర్వు మాత్రం ఎముకను కరిగించి తెమ్మంటుంది. అదీ నేరుగా కాదు: హార్మోన్ ఎముకను కట్టే కణాలకు చెబుతుంది, అవి కూల్చే కణాలను పురమాయిస్తాయి. సంతకం ఒకరిది, గునపం ఇంకొకరిది అయ్యే ఈ విధానాన్ని మన సచివాలయాలు ఎక్కడ నేర్చుకున్నాయో ఇప్పుడు అర్థమవుతోంది.

ఫలితంగా, భూములు అమ్మి జీతాలిచ్చే ప్రభుత్వం మిగులు బడ్జెట్ చూపించినట్టు, లోపల ఎముకలు గుల్లబారుతున్నా రక్తపరీక్షలో మాత్రం కాల్షియం నిక్షేపంగా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఆ నివేదిక చూసుకుని సంతోషిస్తారు. అమ్ముడుపోయిన భూమి లెక్క అందులో ఉండదు. అది కావాలంటే ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష వేరే చేయించుకోవాలి, దాని ఊసు సాధారణంగా తుంటి విరిగాక వస్తుంది. ప్రతిపక్షం ప్రశ్నించాలి కదా అంటే, కాల్షియాన్ని తగ్గించే కాల్సిటోనిన్ అనే హార్మోన్ ఒకటి థైరాయిడ్‌లో పుడుతుంది గానీ, ఆ గ్రంథిని పూర్తిగా తీసేసినవారికి కూడా దాని లోటు పెద్దగా తెలియదు.

నిందితుల వాదన కూడా వినడం సహజ న్యాయం. రక్తంలో కాల్షియం బాగా పడిపోతే వేళ్లు కొంకర్లు పోతాయి, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే తాకట్టుకు ఎముక తప్ప మరొకటి దొరకలేదని ఆ నలుగురూ మొర పెట్టుకుంటున్నారు. ఆదాయం సంగతి యజమానినే అడగమంటున్నారు. పెద్దలకు రోజుకు 600 మిల్లీగ్రాములుగా ఉన్న కాల్షియం సిఫారసును జాతీయ పోషకాహార సంస్థ 2020లో 1,000కి పెంచింది. నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఇచ్చే రాగులను సంకటి రూపంలో పేదల తిండిగా తోసిపుచ్చిన యజమాని, ఇప్పుడు వాటినే బిస్కెట్ల రూపంలో అయిదింతల ధరకు కొంటున్నాడు. ఆవకాయ మీద మమకారం మాత్రం తగ్గలేదు; ఉప్పు ఎక్కువైన కొద్దీ మూత్రంలో పోయే కాల్షియం కూడా పెరుగుతుందన్న సంగతిని ఆంధ్రదేశంలో బహిరంగంగా చెప్పే ధైర్యం ఈ వ్యాసకర్తకు లేదు.

ఎండకు మన దగ్గర కొదవ లేదు. అయినా తిరుపతి ప్రాంతంలో జరిపిన అధ్యయనాల్లో సైతం విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. చర్మంలో ఆ విటమిన్‌ను పుట్టించే కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి రావు. కాబట్టి అద్దాల గదిలో కూర్చుని, వీధిలో ఉచితంగా కాస్తున్నదాన్ని 60,000 యూనిట్ల పొడిగా కొనుక్కుంటున్నాం. ఎముక బరువు మోస్తేనే బలపడుతుంది. భారరహిత స్థితిలో ఉండే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు ఒక శాతానికి పైగా కోల్పోతారు. లిఫ్టు, స్కూటరు, సోఫా సాయంతో రాకెట్ ఖర్చు లేకుండానే ఆ దిశగా మనం సాధించిన ప్రగతి ప్రశంసనీయం.

అన్నిటికన్నా దారుణం ఇంటి ఇల్లాలి పద్దు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి, కూల్చే కణాలకు అడ్డు చెప్పేవారు కరవవుతారు. ఆ తొలి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా తరుగుతుంది. ఆమెకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలన్నది అదే సంస్థ సిఫారసు. ఆమె మాత్రం పాలు పిల్లలకు, పెరుగు మగవాళ్లకు వడ్డించి, గిన్నె అడుగున మిగిలినదాన్ని టీలో కలుపుకుంటుంది. ఇందులో పారాథైరాయిడ్ పాత్ర ఉన్నట్టు ఆధారాలేవీ లభించలేదు.

కనుక ఈ వ్యవహారంపై విశ్రాంత న్యాయమూర్తి చేత విచారణ జరిపించాలని డిమాండ్ చేస్తున్నాను. పెద్దల్లో అస్థిపంజరం చాలావరకు సుమారు పదేళ్లకోసారి కొత్తదవుతుంది. గడువు పొడిగింపులన్నీ ముగిసి నివేదిక వచ్చేనాటికి ఫిర్యాదులోని ఎముకల్లో పాతది దాదాపు మిగిలి ఉండదు గనుక, కేసు దానంతటదే మూతపడగలదు.