ముందు మీ అమ్మ వేలు చూపించు

మన ఆంధ్రప్రదేశ్‌లో పిల్లవాడు ఇంజనీరింగ్ చదవాలంటే ఈఏపీసెట్‌లో ర్యాంకు రావడం అంత ముఖ్యం కాదు. వాళ్ళమ్మకు వేలు ఉండాలి. ఉంటే చాలదు, ఆ వేలికి గీతలు ఉండాలి. ఆ గీతలు కూడా ఆధార్ తీయించుకున్ననాటి గీతలే అయి ఉండాలి. ఈ మూడూ అమరిన తల్లి కడుపున పుట్టినవాడికే ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే యోగం. పెళ్ళి సంబంధాలు చూసే పెద్దలు ఇకమీదట జాతకంతో సరిపెట్టుకోకుండా అమ్మాయి బొటనవేలును కూడా ఒకసారి యంత్రం మీద పెట్టించి చూసుకోవడం మంచిది. పుట్టబోయే మనవడి చదువు దాని మీదే ఆధారపడి ఉంది.

పథకంలోకి ఈ వేలు ఎలా వచ్చిందో కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఇది మొదలైనప్పుడు ప్రభుత్వం డబ్బు కాలేజీకి వేసేది, వేసినప్పుడు. 2021 నుంచి తల్లి ఖాతాలో వేశారు. కాలేజీని నిలదీసే హక్కు తల్లికి వస్తుందన్నారు, బాగానే ఉంది. డబ్బు పడినా కొందరు కాలేజీకి కట్టడం లేదని 2023 చివర్లో తల్లీబిడ్డలు కలిసి ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. మళ్ళీ నేరుగా కాలేజీ ఖాతాకే అన్నారు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న విషయం మీద మన ప్రభుత్వాలు చేసినంత పరిశోధన, డబ్బు ఎప్పుడు పడాలన్న విషయం మీద చేసి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఖాతాలు మారాయి, పథకం పేర్లు మారాయి, ఫ్లెక్సీల మీద ముఖాలు మారాయి. వేలిముద్రను ఆధార్‌తో సరిపోల్చి చూసే ఈ-కేవైసీ మాత్రం చెక్కుచెదరలేదు.

తల్లి ఖాతాల రోజుల్లో కోనసీమలో ఒక గ్రామ సచివాలయం. ఏ ఊరో చెప్పను. చెప్పినా తేడా ఏమీ ఉండదు. డిజిటల్ అసిస్టెంట్ కుర్రవాడు మర్యాదస్తుడు. "పిన్నిగారూ, కుడి బొటనవేలు పెట్టండి" అన్నాడు. ఎర్రదీపం. "తుడుచుకుని పెట్టండి." ఎర్రదీపం. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, అన్నిటికీ ఎర్రదీపమే. ఇంతలో పింఛను పని మీద వచ్చిన తాతగారు లేచారు. "తలకు రాసి పెట్టమ్మా, ఆ నూనెకు పడుతుంది" అన్నారు. రాసి పెట్టింది. పడలేదు. రైతు భరోసా సంగతి కనుక్కోవడానికి వచ్చిన మరో పెద్దమనిషికి ఆ సలహా నచ్చలేదు. నూనె తగిలితే అసలే పడదని, జిడ్డు పోవాలంటే నిమ్మచెక్కతో రుద్దాలని, తమ బావమరిదికి అలాగే పడిందని సోదాహరణంగా వివరించారు. ఎదురుగా ఉన్న సోడా బండి నుంచి నిమ్మచెక్క వచ్చింది. ఫ్యాను గాలికి వేలు ఆరిపోతోందని ఒకరు ఫ్యాను కట్టేశారు. ఆరకపోతే ఎలా పడుతుందని ఇంకొకరు మళ్ళీ వేశారు. గట్టిగా నొక్కమని ఒక పక్షం, ఊరికే ఆనించమని ఒక పక్షం. సచివాలయం రెండుగా చీలింది. సంక్షేమ సహాయకుడు వచ్చి, కళ్ళు చూసే యంత్రం ఉంటే ఈ గొడవ ఉండదని, అది పక్క ఊరికి వెళ్ళిందని, వచ్చాక కబురు చేస్తానని చెప్పాడు. చిట్టచివరికి ఎడమ చేతి చిటికెన వేలికి పచ్చదీపం వెలిగింది. తాతగారు చప్పట్లు కొట్టారు. అప్పుడు తెర మీద అసలు సంగతి బయటపడింది: ఈ కుటుంబం వేరే సచివాలయానికి మ్యాపింగ్ అయి ఉన్నది, అక్కడ సంప్రదించగలరు.

ఆవిడ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. మంచుగడ్డల్లో వేసిన రొయ్యలను చేత్తో తీసి తల తుంచాలి, పొట్టు ఒలవాలి. నిలబడే చేయాలి. ఏళ్ళ తరబడి చేస్తే ఆ మంచుకూ, ఆ పొట్టుకూ వేళ్ళు నున్నబడిపోతాయి. ఆ కూలితోనే కొడుకు బస్సు పాసు, పుస్తకాలు, గది అద్దె. కొడుకు చదువు కోసం అరిగిన వేలును పట్టుకుని, అదే చదువు కోసం వచ్చినప్పుడు "ఇది నీ వేలు కాదు" అనే యంత్రాన్ని కొన్నవాడికి, కొని దానికి దండ వేసి ప్రారంభించినవాడికి, సిగ్గు అనేది ఒకటి ఉండాలి. వీళ్ళలో ఒక్కడి బొటనవేలు కూడా ఏ పనికీ అరగలేదు. యంత్రం వాళ్ళను ఇట్టే గుర్తుపడుతుంది.

ఆ సాయంత్రమే ఆవిడ వేలిముద్ర ఇంకోచోట పడింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే పెద్దమనిషి ప్రోనోటు మీద. సిరా పూసి అద్దించారు. నల్లటి మచ్చ తప్ప గీత ఒక్కటీ లేదు. ఆయనకేమీ అభ్యంతరం కలగలేదు. మనిషిని ఎరిగినవాడికి గీతలతో పనేమిటి?

రాజోలు, మలికిపురం వైపు సమస్య కొంచెం వేరు. అక్కడ వేలికి గీతలున్నాయి, వేలే ఊళ్ళో లేదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి ఇంట్లోనో పనిచేస్తోంది. పిల్లవాడి ఫీజు కోసమే వెళ్ళింది. పోనీ ఓటీపీతో కానిద్దామంటే, ఆ ఇంటి వంటగది తుడిచి ఆవిడ ఫోను చూసుకునేసరికి ఓటీపీ గడువు తీరిపోతుంది.

ఇక అర్హతలు. కుటుంబ ఆదాయం ఏటా 2.5 లక్షలు దాటకూడదు. మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాలు మించకూడదు. నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు, ట్యాక్సీ, ట్రాక్టరు తప్ప. కాగితం మీద చదివితే ఎవరూ తప్పు పట్టలేరు. కానీ లంకల్లో తాతగారి పేరున ఉన్న పొలంలో సగం వరదలకు కోసుకుపోయింది. రికార్డులో గోదావరి ప్రవహించదు కనుక ఆ భూమి అక్కడ భద్రంగా పండుతూనే ఉంటుంది. ఎప్పుడో అమ్మేసిన పాత కారు కొన్నవాడు పేరు మార్పించుకోకపోతే, ఆ కారు హైదరాబాదులో తిరుగుతూ ఇక్కడ పిల్లవాడి ఫీజు ఆపగలదు.

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. లక్షల పందెం నోటిమాట మీద కడతారు. కత్తి దిగి పుంజు ఒరిగిన మరుక్షణం డబ్బు చేతులు మారుతుంది. ఆధార్ లేదు, ఓటీపీ లేదు, సర్వర్ డౌన్ లేదు. పక్కవాడు ఏ ఊరివాడో తెలియకపోయినా బాకీ నిలవదు. చట్టం నిషేధించిన ఆటలో ఉన్న నిజాయితీ, చట్టసభ ఆమోదించిన పథకంలో లేకపోవడం మన ప్రాంతానికి మాత్రమే కనిపించే చిత్రం కాదనుకుంటాను. మనకు పక్కపక్కనే కనిపిస్తుంది, అంతే.

ఫీజు డబ్బులు ఎందుకు వేయడం లేదయ్యా అంటే, ఖజానాలో లేవంటారు. ఏ ప్రభుత్వమైనా అదే మాట, ఖాళీ చేసింది మాత్రం ముందటివాళ్ళు. సరే, నమ్ముదాం. కానీ నోటిమాట మీద పేదరికం చెల్లదని మనకు నేర్పింది వాళ్ళే. కాబట్టి ప్రభుత్వం వారు ముందుగా తహసీల్దారు గారి దగ్గర ఆదాయ ధ్రువపత్రం తీసుకోవాలి. నాలుగు చక్రాల వాహనాలు ఉండరాదు. కాన్వాయ్‌లో తిరిగేవన్నీ ట్యాక్సీలేనని రవాణా శాఖ రాసిస్తే మినహాయిద్దాం. రాజధాని కోసం సమీకరించిన 30 వేలకు పైగా ఎకరాల్లో మాగాణి ఎంతో, మెట్ట ఎంతో వీఆర్వో గారు వెళ్ళి తేల్చాలి. విద్యార్థికి 75 శాతం హాజరు లేనిదే ఫీజు రాదు కదా, శాసనసభ హాజరుపట్టీ కూడా జతపరచాలి. ఇందులో నాకైతే పెద్దగా ఆశ లేదు. తొలి వడపోతలోనే తిరస్కరణ ఖాయం.

నవ్వు ఇంతవరకే. ఈ లెక్కలో బాకీ ఉన్నది ఎవరు? కన్వీనర్ కోటాలో సీటు ఇచ్చేటప్పుడు "నువ్వు చదువుకో, ఫీజు మేం కడతాం" అన్నది ప్రభుత్వం. కట్టనిది ప్రభుత్వం. హాల్‌టికెట్ ఆపేది పిల్లవాడిది. కాలేజీవాళ్ళు వెలగపూడి వెళ్ళి మంత్రి బల్ల మీద చెయ్యి వేయలేరు. అందుకని క్లాసులో పేర్లు చదివి నిలబెడతారు. ఫీజు కట్టి చదువుతున్న పిల్లలు కూర్చునే ఉంటారు. ఎవరు ఏ కార్డువాళ్ళో, ఎవరు ఏ కులంవాళ్ళో అందరికీ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఇది ఏ కమిటీ నివేదికలోనూ రాదు. ఇరవై ఏళ్ళ కుర్రవాడిని, తను చేయని బాకీకి, అందరి ముందూ అలా నిలబెట్టడం నేరమని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ అనుకోలేదు. పిల్లలను వేధించవద్దని కాలేజీలను హెచ్చరిస్తూ ఒక ప్రకటన ఇస్తారు. వాయిదా డబ్బులు మాత్రం ఇవ్వరు. ఉత్త చేతులతో హెచ్చరిస్తే ఎవరు వింటారు?

చదువు అయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి. మొత్తం కట్టి తీసుకెళ్ళమంటారు, ప్రభుత్వం వేశాక తిరిగి ఇస్తామంటారు. ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గరపడుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఆ రొయ్యల షెడ్డు ఆవిడా అదే చేసింది, మళ్ళీ ఆ వడ్డీ పెద్దమనిషి దగ్గరకే వెళ్ళింది. అసలు సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఖాతాలో పడవచ్చు. నూటికి మూడు చొప్పున ఈలోగా నడిచే వడ్డీని రీయింబర్స్ చేస్తామన్న పార్టీ మేనిఫెస్టో మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు.