కొనేది ఒకరు, మోసేది ఒకరు: బ్లోయర్ పెట్టె మీది అంకెలు ఎవరి కోసం?

వీపున తగిలించుకుని ఆకులు ఊదే పెట్రోల్ బ్లోయర్ పెట్టె మీద మూడు అంకెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గాలి ఎంత, శబ్దం ఎంత, బరువు ఎంత. కొనేవాళ్లు నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టుకుని ఈ మూడింటితోనే బేరీజు వేస్తారు. కానీ ఆ అంకెలు ఎక్కడ నిలబడి కొలిచారో చూడండి. గాలిని కొన్ని కంపెనీలు పైపు బిగించకుండా ఫ్యాన్ మూతి దగ్గరే కొలుస్తాయి. శబ్దాన్ని 50 అడుగుల అవతల కొలుస్తారు. బరువును ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తూస్తారు. యంత్రాన్ని తగిలించుకుని గంటల తరబడి తిరిగే మనిషికి అందే గాలి, వినపడే మోత, మోసే బరువు ఈ అంకెల్లో దొరకవు.

సొంత తోటకు కొనుక్కునేవాళ్లు ఆ తేడాను మొదటి రోజే ఒంటి మీద తెలుసుకుంటారు. పార్కులు, క్యాంపస్‌లు, పెద్ద ఆవరణలు శుభ్రం చేసే కాంట్రాక్టుల్లో అలా జరగదు. అక్కడ డబ్బు కట్టే చేయి ఒకటి, బరువు మోసే వీపు ఇంకొకటి. పెద్ద యంత్రం కొంటే పని తొందరగా తెములుతుందన్న లెక్కలో మోసే మనిషి ప్రస్తావనే రాదు. ఆ లెక్క తిరగరాయాలి. మోసేవాళ్ల చెవి, వీపు, ఊపిరి దగ్గర మొదలుపెట్టి యంత్రాన్ని ఎంచుకోవాలి. అలా ఎంచుకుంటే పని కుంటుపడుతుందనుకోవడం అపోహ.

ముందు గాలి సంగతి. కంపెనీలు రెండు కొలతలు చెబుతాయి. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తుందో చెప్పేది సీఎఫ్ఎం. ఆ గాలి గంటకు ఎన్ని మైళ్ల వేగంతో వస్తుందో చెప్పేది ఎంపీహెచ్. పొడి ఆకుల కుప్పను కదిలించడానికి ఎక్కువ గాలి కావాలి. తడిసి నేలకు అంటుకున్న ఆకును లేపడానికి వేగం కావాలి. సన్న మూతి పెడితే వేగం పెరిగి గాలి తగ్గుతుంది, వెడల్పు మూతి పెడితే అటుది ఇటవుతుంది. ప్రకటనల్లో మాత్రం రెండింటికీ గరిష్ఠ అంకెలే వేస్తారు. అవి రెండూ ఒకే మూతితో ఒకేసారి వస్తాయన్న నమ్మకం పెట్టుకోకూడదు.

అందుకే అడగాల్సింది మూడో అంకె. ఊదే బలాన్ని న్యూటన్లలో చెబుతారు. గాలి పరిమాణం, వేగం రెండూ అందులో కలిసి ఉంటాయి. నిమిషానికి 20 ఘనపు మీటర్ల గాలి సెకనుకు 80 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. సెకనుకు సుమారు 0.4 కిలోల గాలి అన్నమాట. దాన్ని 80తో గుణిస్తే 32 న్యూటన్లు. వీపు బ్లోయర్లలో ఇది మంచి బలమే. ఈ అంకె చెప్పని మోడల్‌ను పక్కన పెట్టడమే మేలు.

ఈ 32 న్యూటన్లకు ఇంకో ముఖం ఉంది. గాలి ముందుకు ఎంత బలంతో పోతుందో, పైపు అంతే బలంతో వెనక్కి తంతుంది. పైపు సాధారణంగా కుడి పక్కన ఉంటుంది. అంటే 3 కిలోలకు పైగా బరువుతో ఎవరో కుడి పక్కను ఆపకుండా వెనక్కి నెడుతున్నట్టు. ఒంటిని నిటారుగా నిలుపుకోవడానికి నడుము కండరాలు పనంతసేపూ ఎదురు బిగుసుకునే ఉంటాయి. సాయంత్రానికి నొప్పి నడుముకు ఒకే పక్కన పట్టేస్తే కారణం మోసిన బరువొక్కటే కాదు. పైపు మోచేతి మలుపును ఈ తోపు తగ్గేలా రూపొందించిన యంత్రాలున్నాయి. అంకెల పట్టికలో ఆ గుణం కనపడదు, తగిలించుకుని రేజ్ చేసి చూస్తేనే తెలుస్తుంది.

బరువు విషయానికొస్తే, పెద్ద యంత్రాలు పెట్రోలు లేకుండానే 9 నుంచి 12 కిలోలు తూగుతాయి. 2 లీటర్ల పెట్రోలు పోస్తే ఇంకో కిలోన్నర. అయినా అర కిలో తేడా కోసం మోడల్ మార్చుకోవడం కంటే నడుము బెల్టు ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. భుజాల పట్టీలు మాత్రమే ఉంటే బరువంతా మెడ మీదికి, భుజాల మీదికి వస్తుంది. నడుము బెల్టు బిగిస్తే చాలా భాగం తుంటి ఎముకల మీదికి దిగుతుంది. ముందు నడుము బెల్టు పెట్టుకుని తర్వాత భుజాల పట్టీలు సరిచేసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, బెల్టు ఉన్నా ఆ సుఖం దక్కదు.

శబ్దం దగ్గరికి వస్తే పెట్టె మీది అంకె మరీ దూరంగా ఉండిపోతుంది. 50 అడుగుల దూరంలో 75 డెసిబెల్స్ అని రాసి ఉంటే చదవడానికి పర్వాలేదనిపిస్తుంది. ఆరుబయట దూరం సగమైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ లెక్కన యంత్రానికి మీటరు దూరంలో అది 98 దాటుతుంది. మోసే మనిషి చెవికీ ఇంజన్‌కూ మధ్య మీటరు కూడా ఉండదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే సురక్షిత హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. చెవులకు ఏమీ పెట్టుకోకుండా ఒక్క ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా పనిచేస్తే ఆ రోజు హద్దు ఎప్పుడో దాటిపోయినట్టే. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. ఫోను ఇయర్‌ఫోన్లు రక్షణ పరికరాలు కావు. ఇయర్‌ప్లగ్గులు, వాటిపైన ఇయర్‌మఫ్‌లు రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది. అయితే శబ్దాన్ని ఎంత తగ్గిస్తాయో చెప్పే రెండింటి రేటింగులూ కూడుకోకూడదు, రెండోదాని వల్ల అదనంగా దక్కేది 5 డెసిబెల్స్ చుట్టుపక్కలే.

ఇరుగుపొరుగు మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజన్ల మోతలో లోగొంతు భాగం ఎక్కువ. అది తలుపులు, కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. తెల్లవారుజామున బ్లోయర్ తీయడం ఎంత మంచి యంత్రంతోనైనా తప్పు పనే.

పొగను కొనేవాళ్లు పట్టించుకునేది ఇంకా తక్కువ. ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లవే. వాటిలో పెట్రోలు, గాలి కలిసిన కొత్త మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చే దారి, కాలిన పొగ బయటికి పోయే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ కాసేపట్లో మండని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్ దారి పడుతుంది. పాత తరహా ఇంజన్లలో అది పావు వంతు పైమాటే. అది వెలువడేది మోసే మనిషి నడుము వెనక నుంచి. కొత్త ఇంజన్లలో కొన్ని ముందు ఉత్త గాలిని పంపి పొగను తోసేసి, ఆ వెనకే మిశ్రమాన్ని పంపుతాయి. కొన్నింటిలో ఫోర్ స్ట్రోక్ తరహాలో కవాటాలు ఉంటాయి. అలాంటివే కొనాలి. పెట్రోలు ఆదా అవుతుంది, ఊపిరికీ మేలు.

కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క ఒకటి తరచూ వినిపిస్తుంది. వాణిజ్య రకం బ్లోయర్ గంట నడిస్తే వచ్చే కాలుష్యం, టయోటా కామ్రీ కారు 1,100 మైళ్లు తిరిగినప్పుడు వచ్చేదానితో సమానమని. అంటే సుమారు 1,770 కిలోమీటర్లు. ఈ పోలిక పొగమంచుకు కారణమయ్యే వాయువుల గురించి. దీన్ని కార్బన్ డయాక్సైడ్‌కు అంటగట్టి రాసేవాళ్లున్నారు, అది పొరపాటు. గంటకు లీటరో రెండు లీటర్లో తాగే ఇంజన్ అంత కార్బన్ వదలలేదు. అసలు లెక్కే చాలినంత గట్టిది. దాని ఆధారంగానే కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 మోడళ్ల నుంచి ఇలాంటి చిన్న పెట్రోలు ఇంజన్ల కొత్త అమ్మకాలకు తెర దించింది. వాషింగ్టన్ డీసీ నగరం 2022 జనవరి 1 నుంచి పెట్రోల్ బ్లోయర్ల వాడకాన్నే నిషేధించింది.

ఇక వాడకం. యంత్రం ఎంపిక కంటే పెద్ద తేడా ఇక్కడే వస్తుంది. ఫ్యాన్ వేగాన్ని పూర్తి రేజ్‌లో ఉన్నదానికి 70 శాతానికి తగ్గిస్తే ఊదే బలం సగానికి వస్తుంది, ఫ్యాన్‌కు కావాల్సిన శక్తి మూడో వంతుకు పడిపోతుంది. బలం వేగానికి వర్గంగా, శక్తి ఘనంగా మారడమే ఇందుకు కారణం. మోతా బాగా తగ్గుతుంది. పోయిన బలాన్ని ఎలా రాబట్టాలి? మూతిని కిందికి దించాలి. మూతి దాటి కొంత దూరం పోయాక గాలి వేగం దూరంతో పాటు తగ్గుతూ పోతుంది. ఆకుకూ మూతికీ మధ్య దూరం సగం చేస్తే ఆకును తాకే వేగం దాదాపు రెట్టింపు. నడుము ఎత్తు నుంచి పూర్తి రేజ్‌లో ఊదేవాళ్లు పెట్రోలు కాల్చి ఈ చిన్న పనిని తప్పించుకుంటున్నారు. పైపు పొడవు మనిషి ఎత్తుకు సరిపోకపోతే వంగాల్సి వస్తుంది కాబట్టి, పొడవు సర్దుకునే పైపు ఉన్న మోడల్ చూసుకోవాలి.

కుప్పను తోలడంలో ఒక మెలకువ ఉంది. మూతిని నేలకు ఏటవాలుగా పట్టి, పక్కల నుంచి పక్కలకు తిప్పుతూ నడిస్తే ఆకులు ముందు వరుసగా దొర్లుతాయి. కుప్ప మోకాలెత్తు దాటాక కథ మారుతుంది. గాలి కుప్ప మీంచి ఎగిరి దూకుతుంది, పైనున్న ఆకులు చెదిరి మళ్లీ వెనక్కి, తోలేసిన నేల మీదికే వచ్చి పడతాయి. అప్పుడు రేజ్ పెంచితే ఇంకా చెదురుతాయి. కుప్పను రెండుగా విడగొట్టి, అడుగు అంచున ఊదుతూ టార్పాలిన్ మీదికి తోలాలి. గాలివాలుకు ఎదురు పనిచేయడం ఒళ్లు హూనం చేసుకోవడమే. తడి ఆకుల్ని కాస్త ఆరనిస్తే పెట్రోలు, సమయం రెండూ మిగులుతాయి. చెట్ల మొదళ్లలో, పొదల కింద ఉన్న ఆకుల్ని అసలు ముట్టుకోకూడదు. అక్కడ పురుగులు, వానపాములు బతుకుతాయి, మట్టికి తేమ నిలుస్తుంది. గచ్చు మీద సన్న దుమ్ము ఉన్నచోట బ్లోయర్ తీయకుండా నీళ్లు చల్లి ఊడవాలి. లేచిన దుమ్ము ముందు చేరేది మోసే మనిషి ముక్కులోకే, కాబట్టి కళ్లద్దాలు, మాస్కు లేకుండా యంత్రం తగిలించుకోకూడదు.

గాలి లాక్కునే జాలీ వీపుకూ ఫ్యాన్‌కూ మధ్య ఉంటుంది. మోసేవాళ్లకు అది కనపడదు. ఏ ప్లాస్టిక్ కవరో వెళ్లి అతుక్కుంటే గాలి తగ్గుతుంది, ఫ్యాన్ మీద భారం తగ్గడంతో ఇంజన్ ఒక్కసారిగా కీచుగా రేజ్ అవుతుంది. ఆ గొంతు మార్పు వినగానే ఆపేసి దించి చూడాలి. అలాగే నడిపిస్తే ఇంజన్‌కు చల్లగాలి అందక వేడెక్కిపోతుంది.

పెట్రోలు విషయంలో చాలా కంపెనీలు చెప్పే పాళ్లు 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. మీ యంత్రం పుస్తకంలో వేరే పాళ్లుంటే వాటినే పాటించాలి. కొలపాత్ర లేకుండా కంటి అంచనాతో పోయడం వల్ల పాడైన ఇంజన్లు కోకొల్లలు. నూనె తక్కువైతే పిస్టన్ గీరుకుపోతుంది, ఎక్కువైతే సైలెన్సర్ జాలీకి మసి పట్టి బలం పడిపోతుంది. కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, కార్బొరేటర్‌లోని పల్చటి పొరలు గట్టిపడతాయి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి పక్కన పెట్టాలి. వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయడం, పోసిన చోటే తాడు లాగడం రెండూ ప్రమాదమే. కనీసం 3 మీటర్లు పక్కకు జరగాలి.

ఇంతకీ పెట్రోలు యంత్రమే కావాలా? లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో ఐదో వంతే పనిగా మార్చినా 1.8 మిగులుతుంది, బరువు ముప్పావు కిలో. అంత శక్తినిచ్చే లిథియం బ్యాటరీ సుమారు 10 కిలోలు తూగుతుంది. పగలంతా, విశాలమైన ఆవరణల్లో, ఛార్జింగ్ దూరంగా ఉన్నచోట పెట్రోలు ఇంకా నిలబడుతున్నది అందుకే. ఒక ఇంటి పెరడుకు, చిన్న ఆవరణకు మాత్రం వీపు మీద పెట్రోల్ ఇంజన్ అనవసరం అని నా గట్టి అభిప్రాయం. అక్కడికి బ్యాటరీ బ్లోయర్ సరిపోతుంది, చాలాచోట్ల పొడవాటి చీపురూ సరిపోతుంది. పెట్రోలే కావాల్సినచోట కూడా అన్నిటికన్నా పెద్దదాని వైపు చూడొద్దు. రోజూ ముప్పావు రేజ్‌లో పని తెమిలిపోయే సైజు తీసుకోవాలి.

కొనే రోజు మోసే మనిషిని వెంట తీసుకెళ్లాలి. ట్యాంకు నింపించి, ఇయర్‌మఫ్‌లు పెట్టి, యంత్రాన్ని ఆ మనిషి వీపునే తగిలించి కనీసం పది నిమిషాలు నడిపించాలి. నడుము బెల్టు తుంటి మీద కూర్చుంటోందా, పైపు వంగకుండా నేలకు అందుతోందా, పట్టుకున్న చేయి తిమ్మిరెక్కుతోందా అని అడగాలి. చివరిగా, పెట్రోలు కారినా నిప్పంటుకున్నా యంత్రాన్ని క్షణాల్లో వదిలించుకోగలరా అన్నది చేయించి చూడాలి. బెల్టు క్లిప్పు దగ్గర చేయి తడుముకుంటుంటే ఆ మోడల్ వద్దని చెప్పి ఇంకోటి చూపించమనాలి.