సీసా ఖాళీ చేశాకే పోలీసులకు దొరకండి

తెలంగాణలో మందు కల్లు తాగే పౌరులందరికీ ప్రజాహితం కోరి ఒక సలహా. కల్లు కాంపౌండ్‌లో కూర్చుని ఉండగా ఎక్సైజ్ జీపు వచ్చిందనుకోండి, సీసా కింద పెట్టకండి. గడగడా తాగేయండి. ఇది వెటకారం కాదు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం చెప్పే లెక్క.

మందు కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు (ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే బిళ్లల్లోదే) ఆ చట్టం జాబితాలో ఉంది. 5 గ్రాములు చిన్న మోతాదు, 100 గ్రాములు దాటితే వాణిజ్య మోతాదు. అర మిల్లీగ్రాము బిళ్లల్లో చెప్పాలంటే వంద గ్రాములు రెండు లక్షల బిళ్లలు. కూలికి పోయొచ్చిన మనిషి దగ్గర అంత సరుకెక్కడిది అంటారా? 2009లో కేంద్రం ఒక వివరణ చేర్చింది: తూచాల్సింది శుద్ధమైన మందును కాదు, అది కలిసిన మొత్తం ద్రావణాన్ని. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా కలిపిన సరుకు బరువంతా లెక్కేయాల్సిందేనంది. పాత బీరు సీసాలో పోసిన 650 మిల్లీలీటర్ల కల్లులో ఉన్న మందు ఒకట్రెండు మిల్లీగ్రాములే కావచ్చు. కాటాకెక్కేది మాత్రం ఆరున్నర వందల గ్రాములు, అంటే వాణిజ్య మోతాదే. సెక్షన్ 22 కింద కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై, పైన లక్షకు తగ్గని జరిమానా. సెక్షన్ 37 పుణ్యాన బెయిలు గగనం. అందులో మందుందని తెలియదంటారా? తెలుసనే అనుకొమ్మని సెక్షన్ 35 కోర్టుకు చెబుతోంది, కాదని మీరే రుజువు చేసుకోవాలి.

అదే కల్లు కడుపులోకి దిగిపోయిందా, అప్పుడు సెక్షన్ 27: ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే సెక్షన్ 64ఏ కింద ఆ కేసూ ఉండదు. సీసా మూతికీ మనిషి గొంతుకూ మధ్య జానెడు దూరం, ఆ జానెడులో తొమ్మిదిన్నరేళ్లు. ఆచరణలో కేసులు సాధారణంగా కలిపి అమ్మేవాడి మీదే పెడతారు, నిజమే. అది అధికారుల దయ, చట్టానిది కాదు.

పోర్చుగల్‌వాళ్లకు ఈ సూక్ష్మం అందలేదు. 2001 జులై నుంచి అక్కడ పది రోజుల సొంత వాడకానికి మించని సరుకు దొరికితే కోర్టుకు పంపరు. ముగ్గురు సభ్యుల కమిషన్ ముందు కూర్చోబెట్టి, అలవాటు ఎంత ముదిరిందో కనుక్కుని, అవసరమైతే వైద్యానికి పంపుతారు. అమ్మేవాడికి మాత్రం జైలే. వాడేవాణ్నీ అమ్మేవాణ్నీ వేరువేరుగా చూడాలట! అంత తీరిక మనకెక్కడిది?

మన వైద్యం ఒక్కటే: ఒక్కసారిగా ఆపేయడం. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేయగానే నిజామాబాద్ ఆసుపత్రికీ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ జనం బారులు తీరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలు మూతపడితే ఎర్రగడ్డలో మళ్లీ అదే వరస. చేతుల వణుకు, కంటికి కునుకు లేకపోవడం, నాలుక కరుచుకునే ఫిట్స్, లేని మనుషులతో మాటలు. ఆల్ప్రాజోలం ఒంట్లో సగానికి పడిపోవడానికి సుమారు 11 గంటలు చాలు. రోజూ దానికి అలవాటుపడ్డ మెదడుకు అది అందకపోతే ఒకట్రెండు రోజుల్లోనే ఎదురుతిరుగుతుంది, మూర్ఛలతో ప్రాణమే పోవచ్చు. దాడుల ప్రకటనలో పారబోసిన లీటర్ల లెక్క ఉంటుంది. ఫిట్స్ లెక్క వేరే శాఖది.

డాక్టర్లది మరీ చాదస్తం. అర మిల్లీగ్రాము ఆల్ప్రాజోలంకు ఉజ్జాయింపుగా 10 మిల్లీగ్రాముల డయజెపామ్ (అదే కుటుంబంలో ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు) చొప్పున మార్చి, ఒకటి రెండు వారాలకోసారి పదో వంతో పావు వంతో తగ్గిస్తారు, చివర్లో ఇంకా నెమ్మదిగా. తాగుడున్న మనిషి కనక గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ (బి1 విటమిన్) ఇస్తారు. మత్తులో పడున్నవాణ్ని దాని విరుగుడు మందు ఫ్లుమాజెనిల్‌తో లేపుదామన్నా భయమే, అలవాటుపడ్డవాడికి అదే ఫిట్స్ తెప్పిస్తుంది. మొత్తం వారాలు, నెలల పని. దాడి ఒక్క పూటలో తేలిపోతుంది, పేపర్లో ఫొటో కూడా పడుతుంది.

పరీక్షల సంగతీ అంతే. నెదర్లాండ్స్‌లో వాడేవాళ్లు సరుకు తెచ్చిస్తే, వాడకముందే అందులో ఏముందో చూసి చెప్పే కేంద్రాలున్నాయి. మన దగ్గర 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలై, కొందరు చనిపోయాక నమూనాలు ల్యాబ్‌కు వెళ్లాయి.

ఇక 64ఏ కింద చికిత్సకు వెళ్లిన బుద్ధిమంతుణ్ని చూద్దాం. డాక్టరుగారు డోసు లెక్క కట్టాలి కనక రోజుకెంత అని అడుగుతారు. "రెండు సీసాలు సారూ" అంటాడు. ఏ సీసాలు? ఈ ఆల్ప్రాజోలం పొడి నీళ్లలో సరిగ్గా కరగదు, కల్లు డ్రమ్ము అడుక్కి చేరుతుంది. పొద్దున పైనుంచి నింపిన సీసా, సాయంత్రం అడుగున వంచి నింపిన సీసా ఒకటి కావు. పక్క వీధి కాంపౌండ్‌లో పొడి పాలు వేరు, ఓ చోట క్లోరల్ హైడ్రేట్ అనే ఇంకో మత్తుమందు కూడా. ఎంత పడిందో తెలిసినవాడు కలిపినవాడొక్కడే, వాడు పరారీలో ఉన్నాడు. కాబట్టి కేస్ షీట్లో ఇలా రాసుకోవడం తప్ప దారి లేదు: "మోతాదు: రోజుకు రెండు సీసాలు. డ్రమ్ములో ఎక్కడివో పేషెంటుకు గుర్తు లేదు."