మిషన్ కోసిన కార్డులు

‘‘సిస్టమ్‌ల అట్లనే చూపిస్తుందమ్మా, మేమేం జెయ్యాలె?’’ రేషన్ కార్డు పోయిందని ఆఫీసుకొచ్చిన మనిషికి నల్గొండలోనైనా, పాలమూరులోనైనా ఏళ్లుగా దొరుకుతున్న జవాబు ఇదే. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ మిషన్ మీద నొక్కే ముసలమ్మ ఆ సిస్టమ్ మీద ఎవరికి చెప్పుకోవాలి?

ఆ సిస్టమ్ పేరు ‘సమగ్ర వేదిక’. ప్రభుత్వ రికార్డులన్నీ కలిపి జల్లెడ పట్టి అనర్హులను ఏరే తెలంగాణ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ అది. రాష్ట్రంలో 2016 నుంచి తీసేసిన సుమారు 19 లక్షల కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. గడప తొక్కి చూడాలన్న బుద్ధి పుట్టడానికి ఢిల్లీ దాకా పోవాలా? బోగస్ కార్డులు ఉన్నాయి, ఏరేయాల్సిందే. కానీ నోటీసు లేకుండా, మాట వినకుండా ఏరేసే అధికారం మిషన్‌కు ఎవరిచ్చారు?

పేరు, తండ్రి పేరు, అడ్రసు దగ్గరదగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒక్కరిగా కలిపేస్తుంది. నల్గొండలో వాడకో సైదులు, ఊరికో యాదయ్య. పాలమూరులో కుర్మయ్యలకు లెక్కే లేదు. పైగా సైదులు పేరు ఇంగ్లీషులో ఆధార్ మీద ఒకలా, బండి ఆర్‌సీ మీద ఇంకోలా ఉంటుంది. ఒక సైదులు కారు కొంటే, కారున్నోడని ఇంకో సైదులు ఇంట్లో బియ్యం ఆగిపోవచ్చన్నమాట. ఎంత పోలిక కుదిరితే ఇద్దరూ ఒక్కరేనని తేల్చాలో ఆ అంకె పెట్టిందెవరు?

ఇది ఒక్క కంప్యూటర్ ఇంజినీరు తేల్చే లెక్క కాదు. అనర్హుడికి పోయేది మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, అర్హుడికి ఆగితే ఇంటిల్లిపాదికీ పస్తు. ఈ రెండు తప్పుల బరువు ఒకటి కాదని ఎకనామిక్స్ వాళ్లు చెబుతారు. సంజాయిషీ అడగకుండా హక్కు లాక్కోవద్దని లా చదివినవాళ్లు చెబుతారు. వంతెన కట్టిన ఇంజినీరు బరువు పెట్టి చూడనిదే బండ్లను వదలడు. ఈ నాలుగు చదువులనూ కలిపి ఇలాంటి సాఫ్ట్‌వేర్లను పరీక్షించే పరిశోధకులు ఉన్నారు. నల్గొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీలు ఉన్నాయి. వాళ్ల చేతికిచ్చి తప్పులు పట్టమంటే పోయేదేముంది? సాఫ్ట్‌వేర్ కోడ్ చూపించమంటే అది తయారుచేసిన కంపెనీ సొత్తట! జనం కార్డు మాత్రం ఎవరి సొత్తూ కాదు కాబోలు.

మా భయం రేషన్‌తో ఆగేది కాదు. ‘సిస్టమ్ చెప్పింది’ అన్న మాట ఒకసారి చెల్లితే ప్రతి కౌంటర్‌లోనూ చెల్లుతుంది. 2020లో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చాక ‘పోర్టల్‌లో ఆప్షన్ లేదు’ అన్న ఒక్క ముక్కతో ఎంతమంది రైతులను వెనక్కి పంపారో తహసీల్ ఆఫీసులకు తెలుసు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రేపు పింఛను వంతు కాదని ఎవరు హామీ ఇస్తారు?

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం, జూలైలో తిరుమలగిరిలో కొత్త కార్డులు పెద్ద సభలు పెట్టి మొదలుపెట్టారు. ఇచ్చేటప్పుడు ముఖ్యమంత్రి చేయి, కోసేటప్పుడు మిషన్ చేయి! ఏ ఇంటి కార్డు ఎందుకు పోయిందో ఆ ఊరి పంచాయతీ గోడ మీద అతికించడానికి మాత్రం ఎందుకంత జంకు?