బోస్నియా సిగరెట్టు పెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ సిగరెట్టు పెట్టె గారి సముఖమునకు,

ఒకే మరణవార్తను ముఖం మీద మూడుసార్లు అచ్చొత్తించుకొని తిరిగే భాగ్యం తమది. "పుషెన్యె ఉబియా", అంటే పొగతాగడం చంపుతుందని, బోస్నియా భాషలో ఒక వరుస. క్రొయేషియా భాషలోనూ "పుషెన్యె ఉబియా"యే, అక్షరం పొల్లుపోలేదు. సెర్బియా భాషలోనూ మాట అదే, లిపి మాత్రం రష్యన్ రాసే లిపి లాంటి సిరిలిక్. మొదటి రెండు వరుసల్లో ఏది ఎవరిదో తమకైనా తెలుసునా?

1850లో సెర్బు, క్రొయేషియన్ పండితులు వియన్నాలో కూర్చొని ఉమ్మడి సాహిత్యభాషకు ఒప్పందం రాసుకున్నారు. 1991లో వీరందరినీ కలిపి ఉంచిన యుగోస్లావియా ముక్కలు కావడం మొదలైనాక, కొత్త రాజ్యాలకు జెండాతో పాటు సొంత భాష కూడా కావలసి వచ్చింది. జెండాలు కుట్టించుకున్నారు గానీ, భాషను రాత్రికి రాత్రి కుట్టించలేక, ఉన్నదానికే తలా ఒక పేరు పెట్టుకొని, క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో కాఫీని "కావ" అనీ, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో "కఫా" అనీ, బోస్నియా రాజధాని సరయేవోలో "కహ్వా" అనీ పిలవడమే సాక్ష్యమన్నారు. (మా సంతలో ఆనపకాయ, సొరకాయ ఒకే గంపలో ఉంటాయి; ఈ లెక్కన ఆ గంపకు సరిహద్దు చౌకీ పెట్టవలసినదే.) 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలైన, బోస్నియా యుద్ధాన్ని ముగించిన శాంతి ఒప్పందాన్ని సైతం ఇంగ్లీషుతో పాటు ఈ మూడు పేర్లతోనూ రాయించుకున్నారు. హేగ్‌లోని యుద్ధనేరాల న్యాయస్థానం మాత్రం మూడింటి ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలతో "బి.సి.ఎస్." అని ఒక్క మూట కట్టింది, ఒకరినొకరు తరిమి కొట్టుకున్న పక్షాల వారంతా ఆ ఒక్క మూటలోని అనువాదాన్నే చెవికి పెట్టుకొని విన్నారు.

అయితే ఒకచోట నాకు నవ్వు రాదు. 2013లో క్రొయేషియాలోని వుకోవర్‌లో ప్రభుత్వ కార్యాలయాల మీది సిరిలిక్ ఫలకాలను జనం సుత్తులతో పగలగొట్టారు. 1991లో యుగోస్లావ్ సైన్యం, సెర్బు దళాలు పెట్టిన 87 రోజుల ముట్టడిలో నేలమట్టమైన ఊరది. ఆ అక్షరాలను చూడగానే అక్కడి వారికి ఫిరంగులు గుర్తుకువస్తే వారిని తప్పుపట్టలేను. ఫిరంగి పేల్చింది అక్షరం కాదని చెప్పబోయినా, ఇల్లు కూలినవాడికి ఆ వ్యాకరణం ఎక్కదు.

చివరగా ఒక మనవి. ఆ యుగోస్లావియా ముక్కల్లోనే ఒకటైన మాంటెనెగ్రో కూడా 2007 రాజ్యాంగంలో తన భాషకు సొంత పేరు రాసుకొని, 2009లో వర్ణమాలకు రెండు అక్షరాలు చేర్చుకున్నది. తమ ముఖాన నాలుగో వరుసకు చోటు చూడగలరు. ఆ కొత్త అక్షరాలు రెండూ "పుషెన్యె ఉబియా"లో రావు గనుక, అచ్చుకు కొత్త దిమ్మె చేయించే ఖర్చు ఉండదు.

చిత్తగించవలెను.